చేతికి తేలిక – కంటికి తేట
(రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసపాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఒక బీరువాతోను, రెండు బల్లలతోను ఆరంభమైన మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము జరుగుచున్నది. ఈ శుభసమయమున పెద్దలు పలువురు సాహిత్యమును గూర్చియు, విద్యను గూర్చియు చక్కగా సెలవిచ్చిరి. నాకు మాత్రము కార్యవర్గమువారు ఒక లెక్కల పని యప్పగించిరి. రజతోత్సవ నిధిలో కొంత సొమ్ము వెచ్చించి, గ్రంథములు చదువుకొనుటకు తగిన ట్యాబులు కొని, చందాదారులకు పుస్తకములవలెనే ఇండ్లకు ఇయ్యవలెనని తలంపు. అయితే ఎట్టివి కొనవలయునను విషయము తేలలేదు. చిన్నవి, తేలికైనవి, చౌకయైనవి పది కొందమని కొందరు. కొలదిపాటివే యైనను మంచి తెర గలవి కొందమని మరికొందరు. లెక్కలు వ్రాయువాడను గనుక నేను మొదట మొదటి పక్షమునే యాశ్రయించితిని. పదియను సంఖ్య మూడను సంఖ్యకంటె పెద్దది గదా! ఇప్పుడు రెండవ పక్షమునకు వచ్చితిని. ఏల వచ్చితినో ఈ సభయందు విన్నవించుకొనుట నా విధి.

ట్యాబ్లెట్ అను ఇంగ్లీషు మాటకు పలక యనియు నర్థము కలదు. పలకకు రెండు గుణములు కావలయును. మోయుటకు తేలికగా నుండవలయును. దానిపై నున్న యక్షరము కంటికి తేటగా నుండవలయును. ఈ రెండింటికి నడుమ తగవు క్రొత్తది కాదు. మన పూర్వులు తాళపత్రములపై వ్రాసికొనిరి. ఆకు తేలిక; కట్టకట్టి చంకబెట్టుకొని ఏ యూరికైన పోవచ్చును. కాని గంటముతో గీసిన గీత వెంటనే కంటికానదు. మసియో ఆకుపసరో పూసి తుడిచిన పిదపగాని యక్షరము పైకి తేలదు. తేలికదనము ఆకు ఇచ్చినది. తేటదనము మసి యిచ్చినది. రెండును కూడిననాడే యది గ్రంథమైనది. నేటి ట్యాబునకును ఇంతకంటె వేరు న్యాయము లేదు.

ముందుగా తెరయొక్క తేటదనమును కొలుచు పద్ధతి చెప్పెదను. తెరపై నక్షరము సిరాతో వ్రాసినది కాదు; ముగ్గులోని చుక్కలవలె సన్నని చుక్కల కూడిక. ఈ చుక్కనే పిక్సెల్ అందురు. ఒక యంగుళము పొడవున నెన్ని చుక్కలు పట్టునో ఆ సంఖ్యయే తేటదనమునకు కొలత. పొలము కొలుచు వారికి 3, 4, 5 అను లెక్క తెలియును. మూలమట్టము సరిచూచుట కదియే యాధారము. 2012 నవంబరులో ఆపిల్ సంస్థవారు వెలువరించిన ఐప్యాడ్ మినీ తెరకు ఒక వైపున 1,024, రెండవ వైపున 768 చుక్కలు. ఇవి 4, 3 పాళ్ళలో నున్నవి. కావున మూలనుండి మూలకు సరిగా 1,280 చుక్కలు. ఆ మూల కొలత 7.9 అంగుళములు. భాగించిచూడగా అంగుళమునకు 162 చుక్కలు వచ్చుచున్నవి; సంస్థవారు 163 అని ప్రకటించిరి. ఏ ట్యాబు కొనదలచినను ఈ లెక్క మీరే వేసికొనవచ్చును. ప్రకటనలయందలి విశేషణములకంటె ఈ భాగహారము నమ్మదగినది.

ఇక గడచిన కాలపు జమాఖర్చు చూతము. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ తెర 9.7 అంగుళములు, బరువు 680 గ్రాములు, అంగుళమునకు చుక్కలు 132. అదే యేడు ఏడంగుళముల ట్యాబులును ఇతర సంస్థలనుండి రాసాగెను. ఏడంగుళముల తెర మరీ చిన్నదని ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఆనాడు వాదించెను. ఆయన వాదమునందు లెక్క లేకపోలేదు. ఏడును, తొమ్మిది చిల్లరయు దగ్గర సంఖ్యలవలె తోచును గాని వైశాల్యము గట్టిచూచిన ఏడంగుళముల తెర పెద్దతెరలో సగమునకు లోపే. అయినను రెండేండ్లు తిరిగిన పిమ్మట ఆ సంస్థయే 7.9 అంగుళముల మినీని తేవలసివచ్చెను. ఏలయన జనులకు చేతినొప్పియు సత్యమే!

ఆ మినీ బరువు 308 గ్రాములు. ఆ కాలపు పెద్ద ఐప్యాడ్ 652 గ్రాములు. బరువు సగమునకంటె తగ్గినది. కాని పెద్దదానియందు అంగుళమునకు 264 చుక్కలుండగా, చిన్నదానియందు 163 మాత్రమే. చేతికి సుఖము, కంటికి నష్టము. మరుసటి యేడు, అనగా 2013లో, రెండవ మినీ 326 చుక్కలతో వచ్చినది. దాని బరువు 331 గ్రాములు. మొత్తము చుక్కలు 7,86,432 నుండి 31,45,728కి, అనగా సరిగా నాలుగు రెట్లకు పెరిగినవి. బరువు మాత్రము 23 గ్రాములే పెరిగినది. ఇది ఇంచుమించు మూడు పదిరూపాయల నాణెముల యెత్తు. ఇంతటి తేటదనమునకు ఇంత స్వల్పమైన సుంకము చెల్లించుట యెవరికైనను లాభమే గదా!

చుక్కలు పెరిగిన బరువేల పెరుగవలయునని మీరడుగవచ్చును. చుక్కలకు బరువు లేదు. కాని ఒక్కొక్క చుక్కను వెలిగించుటకును ఆర్పుటకును దాని ప్రక్క ఒక సన్నని మీట, అనగా ట్రాన్సిస్టరు, ఉండును. తీగలుండును. చుక్కలు చిన్నవగుకొలది ఈ మీటలును తీగలును చోటెక్కువ యాక్రమించి, వెనుకనుండి వచ్చు వెలుగు నడ్డగించును. కిటికీ చిన్నదై, చట్రము మాత్రము తగ్గకుండినట్లగును. అప్పుడు వెనుకదీపము ప్రకాశవంతముగా వెలుగవలయును. దీపమునకు చమురు కావలయును. ఆ చమురే బ్యాటరీ. బ్యాటరీ పెరిగిన బరువు పెరుగును. 2011 నాటి పెద్ద ఐప్యాడ్‌కు 25 వాట్ గంటల బ్యాటరీ చాలినది; చుక్కలు నాలుగు రెట్లు చేసిన 2012 నాటి దానికి 42.5 వాట్ గంటలు కావలసివచ్చెను. బరువు 601 గ్రాముల నుండి 652కి, మందము 8.8 మిల్లీమీటర్ల నుండి 9.4కి పెరిగెను.

అయితే ఇది మార్పులేని ధర్మమని తలంపరాదు. మీటలను మరింత చిన్నవిగా జేయు విద్య పెరిగినకొలది వెలుగున కడ్డు తగ్గుచున్నది. గూగుల్ వారి నెక్సస్ 7 అను ట్యాబును చూడుడు. 2012లో దానికి అంగుళమునకు 216 చుక్కలు, బరువు 340 గ్రాములు. 2013లో 323 చుక్కలు, బరువు 290 గ్రాములు! తేటయు పెరిగినది, తేలికయు పెరిగినది. 2024లో వచ్చిన ఐప్యాడ్ మినీ 8.3 అంగుళముల తెరతో, 326 చుక్కలతో 293 గ్రాములున్నది. 2023లో వచ్చిన సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 అను చౌకరకము 8.7 అంగుళముల తెరతో, ఇంచుమించు 179 చుక్కలతో 332 గ్రాములున్నది. మసకగా నున్నదే బరువుగా నున్నది! కావున నేడు తేటకును తేలికకును నడుమ నున్న తగవులో అసలు మధ్యవర్తి వెల. మొదటి దాని వెలకు రెండవరకము కొన్ని కొనవచ్చును. తేలిక కొరకు తేటను వదలుచున్నామని మనమనుకొందుము గాని, నిజమునకు వదలుచున్నది వెల కొరకు. ఈ మాట కార్యవర్గమువారు గమనింపవలయును.

వెల యెక్కువదియే యుత్తమమను వాదమును గూడ నేనంగీకరింపను. తేటదనమునకు ఒక యవధి యున్నది. ఆ యవధి దుకాణదారుడు పెట్టినది కాదు, కన్ను పెట్టినది. వైద్యులు 6/6 అని చెప్పు సరియైన చూపుగలవాడు ఒక డిగ్రీలో అరువదవ వంతు కోణము వరకు రెండు గీతలను వేరువేరుగా గుర్తింపగలడు. దానినిబట్టి ఒక చిన్న సూత్రము పుట్టుచున్నది. తెర కంటికెన్ని యంగుళముల దూరమున నున్నదో, ఆ సంఖ్యతో 3,438ని భాగింపుడు. వచ్చిన ఫలమే ఆ దూరమున కన్ను గుర్తింపగల చుక్కల సంఖ్య. పండ్రెండంగుళముల దూరమున 286. పదునారంగుళముల దూరమున 215. పదియంగుళముల దూరమున 344. అంతకు మించిన చుక్కలకై సొమ్ము పెట్టుట, గింజ పట్టని చేనికి నీరు పెట్టుటయే.

ఈ లెక్కలో నొక విచిత్రమున్నది. మంచి తెర ముసలివారికి గదా కావలయునని మనమనుకొందుము. కాని నలువది దాటినవారు పుస్తకమును దూరముగా బట్టుదురు. వారికి కావలసినది అక్షరము పెద్దదగుట. పిల్లలో, ముక్కునకు తగులునట్లు దగ్గరగా బట్టుదురు. చుక్కలు దట్టముగా కావలసినది వారికి! చౌక తెరలు పిల్లలకు చాలుననుట తలక్రిందుల తర్కము. ఈ సత్యము నాకు సూత్రమువలన తెలియలేదు. నేను చేసిన యొక తప్పువలన తెలిసినది.

కొంతకాలము క్రిందట మన గ్రంథాలయమునకొక చిన్న ట్యాబు వచ్చినది. తేలికైనది, చౌకయైనది. పిల్లలచేత ప్రాతగ్రంథములు చదివించుటకు దాని నుపయోగించితిని. ఒకనాటి సాయంకాలము ఒక బాలుడు బిగ్గరగా చదువుచు ‘ఫలము’ అనుచోట ‘పలము’ అనియు, ‘ధార’ అనుచోట ‘దార’ అనియు పలికెను. పండు తూనికరాయి యైనది, నీటిధార ఇల్లాలైనది! తక్కిన పిల్లలు నవ్వలేదుగాని నాకు కోపము వచ్చినది. ఒత్తక్షరము పలుకుట రాదాయని నలుగురి యెదుట వానిని గద్దించితిని. వాడు కన్నీరు నింపుకొని, ట్యాబు నా కందించి, “తాతగారూ, ఇందులో అట్లే ఉన్నదండీ” అనెను. కండ్లజోడు సవరించుకొని చూచితిని. ‘ప’ క్రింద నుండవలసిన చిన్నగీత లేదు. ‘ద’ క్రిందిది యును లేదు. బీరువాలోని యచ్చుపుస్తకము తీసి చూచితిని. రెండు గీతలును అందు చక్కగా నున్నవి. చదువులోని దోషము బాలునిది కాదు, తెరది. నాకు ఆ చోట్ల ధకారమే యని తెలియును గనుక కన్ను చూడకున్నను మనస్సు పూరించుకొనెడిది. తెలియనివాడు ఉన్నది ఉన్నట్లు చదివెను. ఆ బాలుడీ సభలో నున్నాడు. నలుగురి యెదుట గద్దించినవాడను, నలుగురి యెదుటనే తప్పు నాదని చెప్పుకొనుచున్నాను.

ఏల యిట్లు జరిగినదో చూడుడు. ఇంగ్లీషువారి యక్షరములు ఇరువదియాఱు. అవి యొకదానికొకటి దూరపు చుట్టములు. మన యక్షరములు అన్నదమ్ములు. ద, ధ, థ అను మూడింటికి భేదమొక చిన్నగీత, ఒక చుక్క. ప, ఫ, ష అను వానికిని అంతే. పైని గుడులు, క్రింద వత్తులు. ‘స్వాతంత్ర్యము’ అను మాటలో ఒకే యక్షరము క్రింద రెండు వత్తులు కలవు. అచ్చులో నక్షరము ఎత్తు అంగుళములో పదవ వంతనుకొందము. 163 చుక్కల తెరపై ఆ యక్షరమునకు దక్కునవి నిలువున 16 చుక్కలు. అక్షరములో నెనిమిదవ వంతుండు చిన్నగీతకు రెండే చుక్కలు. అవియు సగము నలుపు, సగము తెలుపునై ప్రక్కవానిలో కలసిపోవును. 326 చుక్కల తెరపై అదే గీతకు నాలుగు చుక్కలు. గీత గీతగా నిలుచును. ఇంగ్లీషు చదువువానికి విలాసమైన తేటదనము తెలుగు చదువువానికి అవసరము.

ట్యాబుపై చదువు గ్రంథములు రెండు విధములు. తెలుగు వికీసోర్స్‌లోని వానివలె అక్షరము అక్షరముగా టైపు చేసినవి ఒక విధము. వానియందు అక్షరమును వలసినంత పెద్దది చేసికొనవచ్చును. పంక్తులు తామే సర్దుకొనును. ప్రాతపుస్తకపు పుటలను ఛాయాచిత్రములుగా దీసినవి రెండవ విధము. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరున జనించిన శాస్త్రజ్ఞులు రాజ్ రెడ్డిగారు పూనుకొని నడపిన పదిలక్షల గ్రంథముల యుద్యమమును, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాయు పుణ్యమా యని వేలాది తెలుగు గ్రంథములు ఇట్లు చిత్రరూపమున దక్కినవి; ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేడు చదువవచ్చును. మన బీరువాలో లేనివి, ఏ యంగడిలోను దొరకనివి ఇందు కలవు. మన ట్యాబుల ముఖ్యప్రయోజనమే ఇది. కాని బొమ్మను పెద్దది చేసిన పంక్తి తెర దాటిపోవును. వ్రేలితో ఎడమకు, కుడికి ఈడ్చుచు చదువవలయును. పద్యమున కిది ప్రాణసంకటము. ఉత్పలమాల పాదమున కిరువది, చంపకమాల పాదమున కిరువదియొక్క యక్షరములు. ప్రాస ప్రతిపాదమునను రెండవ యక్షరము. నాలుగు పాదములును ఒకదానిక్రింద నొకటి నిలిచినప్పుడు కన్ను ప్రాసను ఒక్క చూపులో పట్టుకొనును. పాదము తెగిన ప్రాస తెగును, యతి తప్పిపోవును, పద్యము వచనమై కూలబడును.

కావున పుటయంతయు ఒక్కసారి, ఇంచుమించు నిజప్రమాణమున కనబడవలయును. మన ప్రాతగ్రంథములు పెక్కు క్రౌను ఎనిమిదవ వంతు పరిమాణమున నచ్చయినవి. అంచులు విడిచిన, అక్షరములున్న భాగము ఇంచుమించు ఆరంగుళముల పొడవు, నాలుగంగుళములకు లోపు వెడల్పు. 4, 3 పాళ్ళలో నున్న 7.9 అంగుళముల తెర పొడవు 6.3, వెడల్పు 4.7 అంగుళములు. క్రౌనుపుట అందు సుఖముగా కూర్చుండును. పొడుగుపాటి ఏడంగుళముల తెర వెడల్పు 3.7 అంగుళములే, అందు పుటను కుదింపవలసివచ్చును. ఒక్క యంగుళమే గదాయని మూల కొలతను చూచి మోసపోరాదు. పద్యమునకు వెడల్పే ప్రాణము.

అట్లయిన పదియంగుళముల పెద్దది కొనిన గొడవ తీరదాయని యడుగవచ్చును. ఇచ్చట బరువు పక్షమున నొక సాక్ష్యము చెప్పవలయును. మన గ్రంథాలయమునకు మొదటినుండియు చందాదారులైన ఒక వృద్ధులు జారిపడి, మంచము పట్టిరి. పేరు చెప్పవలదని వారి కోరిక. భారతము మరల చదువవలెనని వారికాశ. యచ్చుప్రతి సంపుటము ఎత్తలేరు. వారి బంధువు పెద్దట్యాబు నొకటి తెచ్చియిచ్చెను. తెర మిక్కిలి తేట. బరువు 650 గ్రాములు. వెల్లకిల పరుండి రెండుచేతుల నెత్తిపట్టుకొనిన పదినిమిషములకు చేతులు వణికెను. ట్యాబు రొమ్ముపై బడెను. నేను చూడబోయినప్పుడు, “భారతము చదువవచ్చునుగాని మోయలేకున్నాను నాయనా” అని నవ్విరి. ఆ నవ్వు నాకు నవ్వుగా తోచలేదు. పిమ్మట 300 గ్రాముల చిన్నది, మంచి తెర గలది, యొక మిత్రునియొద్ద బదులు తెచ్చి యిచ్చితిని. ఒక చేతిలో నిముడును, దిండున కానించినను నిలుచును. ప్రతిసాయంకాలము కొంత కొంత చదువుచు, తిక్కనగారి విరాటపర్వ మైదాశ్వాసములును ముగించిరి. తెర యెంత తేటయైనను చేయి మోయనిచో అది బీరువాలోని గ్రంథమే. చేయి యెంత సుఖముగా మోసినను కన్ను చదువనిచో అది యుత్త పలకయే.

1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో గ్రంథములు నింపుకొని ఊరూర తిరిగిరి. పాఠకుడు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే పాఠకునికడకు పోవలయునను ధర్మమది. మన ట్యాబులును ఆ పడవ సంతతివే. కాని పడవ చేరినంతమాత్రమున పని తీరలేదు. అందలి పుస్తకము చదువదగినదై యుండినది గనుకనే జనులు గట్టున కాచియుండిరి.

ఎండను గూర్చి యొకమాట. చేనిగట్టున, అరుగుపైన చదువుకొనువారు మనలో కలరు. వెనుకదీపముతో వెలుగు తెర ఎండలో అద్దమై మన ముఖమునే చూపును. ఇందుకు కిండిల్ వంటి సిరాతెర యంత్రములు మేలు. అందు నల్లని, తెల్లని సూక్ష్మకణములు విద్యుత్తుచే పైకి క్రిందికి జరిగి యక్షరమగును. కాగితమువలె బయటి వెలుతురునే ప్రతిఫలింపజేయును. 2024 నాటి కిండిల్ పేపర్‌వైట్ ఏడంగుళముల తెరతో, 300 చుక్కలతో 211 గ్రాములే. టైపు చేసిన గ్రంథములకు అది ముద్దుగా నుండును. కాని పుటచిత్రమును పెద్దది చేసి ఈడ్చుట అందు మందగతి. మన ముఖ్యావసరము పుటచిత్రములు గనుక దానిని రెండవ స్థానమున నుంచుచున్నాను.

ఇక కార్యవర్గమువారికి నా మనవి. ఇంటికిచ్చు ట్యాబులు తెర ఎనిమిదంగుళముల ప్రాంతమున, అంగుళమునకు 280 చుక్కలకు తగ్గక, బరువు 350 గ్రాములకు మించక యుండవలయును. సొమ్ము చాలనిచో సంఖ్య తగ్గింపుడు, చుక్కలు తగ్గింపవలదు. మూడింటిని ముప్పదిమంది వంతులవారీగా చదువవచ్చును. మసకతెరలు పదియున్నను పదిమందికి తప్పుచదువు నేర్పును. గ్రంథాలయములోనే బల్లపై నుంచుటకు మాత్రము పెద్దది యొకటి చాలును. దానికి 220 చుక్కలైనను లోటులేదు, ఏలయన బల్లపై కన్ను పదునారంగుళముల దూరమున నుండును. మోయు పని లేదు. 2020లో వచ్చిన 10.4 అంగుళముల గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ వంటివి, 224 చుక్కలతో, ఈ తరగతికి చెందినవి. రంగుల వైభవమునకును, ఫోటోలు తీయు కెమెరాకును అదనపు సొమ్ము పెట్టవలదు. నల్లని యక్షరమునకు రంగులతో పనిలేదు.

కొనుటకు పోవువారు ఒక పరీక్ష చేయుడు. ప్రాతగ్రంథపు పుటచిత్రమొకటి వెంట గొనిపొండు. పుటయంతయు తెరపై నిలిపి, ధ, థ, ఫ అను నక్షరములను, రెండు వత్తులున్న మాటను వెదకుడు. మీతో నొక బాలుని, ఒక వృద్ధుని గొనిపోయి వారిచేత చదివింపుడు. పిమ్మట కవరు తొడిగి – కవరు బరువును బరువే – ఒంటిచేత పదునైదు నిమిషములు పట్టి నిలువుడు. తుదకు వాకిటికి వచ్చి యెండలో చూడుడు. ఈ మూడింట నెగ్గినది కొనుడు. నా లెక్కలన్నియు ఈ పరీక్షకు లోబడినవే.

సభాసదులారా! నేను బడిలో చదివినది తక్కువ. నాకు తెలిసిన కొద్దిపాటి సాహిత్యము దీపపువెలుగున, అచ్చుపుస్తకములయందు, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని నేర్చినదే. ఆనాడు ఆ యక్షరములు నన్ను మోసగింపలేదు. ధకారము ధకారమువలెనే కనబడినది. మన పిల్లలకును అంతమాత్రము నమ్మకమైన యక్షరము నందింపగలిగిన చాలును. తక్కినది వారే సంపాదించుకొందురు. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఈ యంత్రములు పాతబడి మూలబడియుండును. వానిపై తప్పులేక చదువనేర్చిన బాలుడు మాత్రము ఈ వేదికపై నిలిచి ప్రసంగించుచుండును. ఆ దినమును తలంచుకొని, నేడు తీర్మానము చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను.